ఎవరి కోసం రిజర్వు?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్ళందరికీ మన్ననూరు చెక్‌పోస్టు టైమింగ్స్ నోటికొచ్చు. రాత్రి 9 గంటలకి గేటు పడుతుంది, పొద్దున 6 గంటలకి లేస్తుంది. అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరినవాళ్ళు కార్లోనే పడుకోవాలి, లేదా వెనక్కి అచ్చంపేట పోవాలి. ఆ దారిలోనే అటవీశాఖ బోర్డులు మొదలవుతాయి: అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటి. మనలో చాలామందికి ఆ బోర్డు స్పీడ్ తగ్గించమని చెప్పే ఇంకో బోర్డు లాంటిదే. నా చూపు మాత్రం చివరి మాట దగ్గర ఆగిపోతుంది. రిజర్వు అంటే ఎవరి కోసమో పక్కన పెట్టినది. సరే, ఎవరి కోసం?

వందా నూట యాభై ఏళ్ళలో ఈ ఒక్క కొండప్రాంతం మీదే ఈ ప్రశ్నకి నాలుగు జవాబులొచ్చాయి. నవాబుగారి వేట కోసం. చెంచుల కోసం. పులుల కోసం. కింద లోయలో అయితే నీళ్ళ కోసం. రిజర్వాయర్ కూడా ఆ మాటకి చుట్టమే కదా. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే వేరియబుల్ పేరు మారలేదు, అందులోని విలువని ఒక్కో ప్రభుత్వం ఒక్కోలా రాసిపెట్టింది. అయిదో విలువ కూడా రాయబోయి ఆగారు. దాని సంగతి తర్వాత.

ముందు కాస్త భూగోళం. కృష్ణ జూరాల దాటాక గద్వాల, వనపర్తి జిల్లాల మధ్య నుంచి నడుస్తుంది. బీచుపల్లి దగ్గర బెంగళూరు హైవే దాన్ని దాటుతుంది. అలంపురం దిగువన కూడవెల్లి దగ్గర తుంగభద్ర వచ్చి కలుస్తుంది. తర్వాత కొల్లాపూర్ ప్రాంతం, సోమశిల. అప్పటిదాకా చేల పక్కన వెడల్పుగా, బద్ధకంగా సాగిన నది అక్కణ్ణుంచి నల్లమల కొండల మధ్య ఇరుక్కుంటుంది. ఆ లోయకి ఉత్తరపు అంచే నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పీఠభూమి. రెండు మెట్లుగా ఉంటుంది. కింది మెట్టు మీద అమ్రాబాద్, పదర లాంటి వ్యవసాయపు ఊళ్ళు. పై మెట్టు మీద ఫరహాబాద్, దాని చుట్టూ అడవి, ఆ అడవిలో చెంచుల పెంటలు.

పెంట అంటే మైదానపు తెలుగులో చెత్తకుప్ప. ఇక్కడ అది ఊరు. కొన్ని గుడిసెల గుంపు. అప్పాపూర్ పెంట, కొల్లంపెంట, డ్యామ్ దగ్గరి దోమలపెంట. బస్సు బోర్డు మీద దోమలపెంట అని చూసి నవ్వుకునే పట్నం పిల్లల్ని చూశాను. ఒకరి ఊరి పేరు ఇంకొకరికి తిట్టయిపోయిన ఈ సంగతి మీద భాషావేత్తలెవరైనా ఒక వ్యాసం రాస్తే చదవాలనుంది.

ఫరహాబాద్ పేరు మాత్రం అడవి పెట్టుకున్నది కాదు. ఫరహ్ అంటే పారశీకంలో సంతోషం. సంతోషపురం అనుకోవచ్చు. ఎవరి సంతోషమో అక్కడి వేట బంగళా శిథిలాలు చెబుతాయి. ఎండాకాలం కూడా చల్లగా ఉండే కొండ, కావలసినన్ని జంతువులు, నిజాం కొలువు నుంచి ఒకటి రెండు రోజుల ప్రయాణం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) 33 పులుల్ని కొట్టాడని, అందుకే తీస్ మార్ ఖాన్ అన్న పేరొచ్చిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. తీస్ అంటే ముప్పై. మిగతా మూడు పులులూ రౌండింగులో పోయాయన్నమాట. ఆయన వేటాడినవన్నీ ఈ అడవివి కావు. కానీ నాటి పాలకుల దృష్టిలో ఈ అడవి దేనికి పనికొస్తుందో ఆ బిరుదులో తెలుస్తుంది.

ఈ వ్యాసం చదివేవాళ్ళు సాహిత్యాభిమానులు కాబట్టి ఒక పక్కదారి. ఈ కొండల కిందే, బండి ప్రయాణమంత దూరంలో, గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలున్నాయి. గద్వాలని విద్వద్గద్వాల అనేవారు. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలు తిరిగి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. జటప్రోలు ప్రభువు సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో తనే ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధం రాశాడు. ఇంత కవిత్వం పండిన నేలకి ఆనుకునే ఇంత అడవి. కానీ మన ప్రబంధాల అడవి ఎక్కువగా వేటకి వేసిన స్టేజీ. మనుచరిత్రలో స్వరోచి వేటకి వెళ్ళినప్పుడు కథ ఆయనది. దారి చూపేవాళ్ళకి, జంతువుల్ని తోలేవాళ్ళకి ఆ కథలో పేర్లుండవు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలానికి ఏకంగా పర్వత ప్రకరణమే కేటాయించాడు. అదీ కొండకి నడిచొచ్చే భక్తుల కళ్ళతో చూసిన అడవే. రాజు కళ్ళు, యాత్రికుడి కళ్ళు మనకి దొరికాయి. అక్కడే ఉండేవాడి కళ్ళు మాత్రం లిఖిత సాహిత్యంలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి, అదీ ఒక ఆస్ట్రియా దేశస్థుడి పుస్తకంలో.

ఆయన దగ్గరికి వెళ్ళేముందు నది ఆవలిగట్టు చూడాలి. కృష్ణకి ఇటు నిజాం రాజ్యం, అటు మద్రాస్ ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా. రెండు గట్ల మీదా చెంచులే. అవే ఇంటిపేర్లు, అవే పెళ్ళిసంబంధాలు, అదే లింగమయ్య. అటువైపు 1882 నాటి మద్రాస్ అటవీ చట్టం కింద అడవి రిజర్వు ఫారెస్టు అయింది. యాత్రికుల దారిలో దోపిడీలు జరిగితే అనుమానం చెంచుల మీదికి పోయేది. చివరికి బ్రిటిష్ వాళ్ళు అక్కడి చెంచుల్ని నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చారు. ఏటి ఇవతల వేటకి దారి చూపే మనిషి, ఏరు దాటితే పుట్టుకతోనే నేరస్థుడు. మనిషి అదే, గట్టు మారింది. తమాషా ఏంటంటే 2014లో ఆ నది మళ్ళీ సరిహద్దయింది. ఒక్కటిగా ఉన్న పులుల అభయారణ్యం తెలంగాణలో అమ్రాబాద్‌గా, ఆంధ్రలో నాగార్జునసాగర్ శ్రీశైలంగా రెండయింది. పులులు ఈదుకుంటూ దాటగలవు. ఫైళ్ళు దాటలేవు.

క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ వియన్నాలో చదివిన మానవశాస్త్రవేత్త. 1939లో ఆయన ఇండియాకి వచ్చాక యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలో ఉంది కాబట్టి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. అంటే బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశస్థుడు. నిర్బంధ శిబిరంలో మగ్గకుండా హైదరాబాద్ రాష్ట్రం హద్దుల్లో ఉండి పనిచేసుకునే వీలు దొరికింది. ఒకరకంగా ఆయన్ని కూడా నిజాం రాజ్యంలో రిజర్వు చేశారనొచ్చు. 1940లో ఆయన, భార్య బెట్టీ అమ్రాబాద్ కొండలెక్కి చెంచుల మధ్య నెలల తరబడి ఉన్నారు. 1943లో ‘ది చెంచూస్’ పుస్తకం వచ్చింది. అదే 1943లో తెలుగువాళ్ళు సినిమాహాళ్ళలో ‘చెంచులక్ష్మి’ చూశారు. అహోబిల నరసింహుణ్ణి పెళ్ళాడిన చెంచుపిల్ల కథ. నాగేశ్వరరావు, అంజలీదేవిల చెంచులక్ష్మి 1958లో వచ్చిన తర్వాతిది, మనకి బాగా గుర్తున్నది అదే. ఒకే ఏడాది ఒక చెంచు పుస్తకమూ ఒక చెంచు సినిమా! రెండింటినీ పక్కపక్కన పెడితే మన ఊహల్లోని చెంచుకీ పెంటలోని చెంచుకీ మధ్య దూరం తెలుస్తుంది.

హైమండార్ఫ్ చూసిన చెంచులు ఎక్కువగా గడ్డలు తవ్వుకుని, కాయా పండూ ఏరుకుని, విల్లమ్ములతో చిన్న జంతువుల్ని కొట్టి, తేనె తీసి బతికేవాళ్ళు. రుతువుని బట్టి, నీటిని బట్టి చోటు మారేవాళ్ళు. ఏ కొండ ఏ ఇంటిపేరు వాళ్ళదో వాళ్ళకి తెలుసు, కాగితం అక్కర్లేదు. తేనె సంగతి ఒకటి చెప్పుకోవాలి. నిలువు కొండచరియకి తాడు కట్టుకుని పట్టు దగ్గరికి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది అన్నదమ్ములు కాదు, బావమరిది. అన్నదమ్ములకి వాటాల గొడవ ఉండొచ్చు కానీ తన చెల్లెలు విధవరాలు కావాలని ఎవడూ కోరుకోడు కదా అని కారణం చెబుతారు. ఇంత పకడ్బందీ సేఫ్టీ ప్రోటోకాల్ మా డేటా సెంటర్లో కూడా లేదు.

హైమండార్ఫ్ పుస్తకం రాసి ఊరుకోలేదు. వ్యాపారులు, కాంట్రాక్టర్లు, మైదానం నుంచి పైకొచ్చే మందలు వీళ్ళని ఊపిరాడనివ్వడం లేదని, పై పీఠభూమిని చెంచుల కోసం ప్రత్యేకించాలని నిజాం ప్రభుత్వానికి సిఫార్సు చేశాడు. ప్రభుత్వం ఒప్పుకుని 1940ల మొదట్లోనే చెంచు రిజర్వు ఏర్పాటు చేసింది. తర్వాత ఆయన్ని గిరిజన వ్యవహారాల సలహాదారుగా కూడా పెట్టుకుంది. ఆ ఆలోచనలో దొరతనం లేదని నేననను. మనుషుల్ని మ్యూజియంలో పెట్టినట్టు ఉంటుందన్న విమర్శలో పస ఉంది. అయినా ఈ కొండ చరిత్రలో అడవిని అక్కడి మనుషుల పేరు మీద పక్కన పెట్టిన సందర్భం అదొక్కటే. మన్ననూరులో చెంచుల కోసం ఐటీడీఏ ఆఫీసు ఉంది, పథకాలున్నాయి. చెంచు రిజర్వు అన్న మాట వాడేవాళ్ళు మాత్రం అక్కడ నాకెవరూ తగల్లేదు.

ఇప్పుడు కొండ దిగి నీళ్ళ దగ్గరికి.

మా అమ్మమ్మకి క్యాలెండర్లో రెండే యుగాలు. ముంపుకి ముందు, ముంపుకి తర్వాత. కొల్లాపూర్ దిక్కున నది ఒడ్డు ఊరు ఆమెది. “ముంపుకు ముందట మీ అమ్మ బడికి పోతుండె,” అనేది. శ్రీశైలం ప్రాజెక్టుకి పని మొదలైంది 1960లో. 885 అడుగుల మట్టానికి నీళ్ళు నిలిపితే వెనక ఎంత దూరం మునుగుతుందో ఇంజనీర్లకి ముందే తెలుసు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకి పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో నీళ్ళు ఎక్కించే ముందు ఇంకా ఇళ్ళలోనే ఉన్నవాళ్ళని కదిలించడానికి ఇళ్ళు కూల్చే కార్యక్రమం పెట్టారు. దానికి పేరు ‘ఆపరేషన్ డిమోలిషన్’. పేరు పెట్టినవాళ్ళకి సిగ్గు కాకపోయినా కనీసం మొహమాటమైనా ఉండాల్సింది.

ఆ ముంపులోనే రెండో కథ ఉంది. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి, 7, 8 శతాబ్దాల నాటి బాదామి చాళుక్యుల కట్టడాలు. వాటిని కాపాడటానికి ఊరి చుట్టూ కట్ట కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ కట్టారు. పాపనాశి గుళ్ళనీ తరలించారు. సోమశిల గుళ్ళు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి కూడా అలాగే గట్టెక్కాయి. రాయి రాయికీ నంబరేసి, విప్పి, మోసుకెళ్ళి, అదే వరసలో పేర్చడం. ఇంజనీర్‌గా నాకు ఆ పని చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. సంగమేశ్వరాలయం చుట్టూ తిరుగుతూ ఏ అతుకు ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. అంత శ్రద్ధ. కానీ ఊళ్ళకి ఆ శ్రద్ధ దొరకలేదు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో, ఏ బావి ఎవరిదో, ఏ రచ్చకట్ట మీద ఏ తగువు తీరేదో, ఆ వరసకి నంబర్లెవరూ వెయ్యలేదు. చేతికి డబ్బులొచ్చాయి. మా అమ్మమ్మ వాళ్ళ వాడకట్టు నాలుగు ఊళ్ళకి చెదిరిపోయింది.

వనపర్తి, కొల్లాపూర్, అలంపూర్ వైపు ‘98 జీవో’ అంటే వివరించక్కర్లేదు. 1986 నాటి ఆ జీవో ముంపు కుటుంబానికొక ఉద్యోగం అంది. అప్పుడు దరఖాస్తు పెట్టిన కుర్రాళ్ళు నెరిసిన జుట్టుతో ధర్నాల్లో కూర్చోవడం పేపర్లలో ఫొటోలుగా చూస్తూ పెరిగిన తరం మాది. కొందరికి కాలవల మీద లష్కర్ ఉద్యోగాలొచ్చాయి. కొందరికి రాకుండానే వయసైపోయింది. ఇప్పుడు సోమశిల పెద్ద టూరిస్టు స్పాట్. కాటేజీలు, శ్రీశైలానికి లాంచీ, రీల్స్. విశాఖ వైపు నుంచి వచ్చిన మత్స్యకారులు ఆ నీళ్ళ ఒడ్డున గుడారాలేసుకుని చేపలు పడుతుంటారు. కొండల మధ్య నిలిచిన ఆ నీలపు నీళ్ళు నిజంగానే అందంగా ఉంటాయి. కాదని ఎలా అంటాను? ఎండాకాలం మట్టం తగ్గినప్పుడు బురదలోంచి పాత గోడల పునాదులు బయటపడతాయి.

పులుల సంగతి కూడా ఇదే కాలంలో మొదలైంది. 1973లో ప్రాజెక్ట్ టైగర్. 1978లో ఇక్కడ అభయారణ్యం. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు, 3,568 చదరపు కిలోమీటర్లతో చాలా ఏళ్ళు దేశంలోకెల్లా పెద్దది. అంటే డ్యామ్ నిండిన రెండేళ్ళకే అడవి పులులకి రిజర్వయింది. వేట మీద నిషేధం 1972 చట్టంతోనే వచ్చింది. అంతకు ముందు తీస్ మార్ ఖాన్‌కి బిరుదు తెచ్చిన పని ఆ తర్వాత ఎవరు చేసినా జైలు. మంచిదే. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, కుందేలు కొట్టే చెంచువాడూ పులిచర్మం అమ్మే ముఠావాడూ ఒకే సెక్షన్ కిందికి వచ్చారు.

అయిదో విలువ యురేనియం. అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకి అణుశక్తి విభాగం అడిగితే 2019లో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పదర, అమ్రాబాద్ మండలాల్లో బంద్‌లు జరిగాయి. ‘సేవ్ నల్లమల’ హ్యాష్‌ట్యాగ్ హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో కూడా తిరిగింది, సినిమావాళ్ళు ట్వీట్లు పెట్టారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. నేను ఇక్కడ గమనించిందొకటి. నా టైమ్‌లైన్ నిండా పులి బొమ్మలు, జలపాతాల బొమ్మలు. పెంటల బొమ్మలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడవిని కాపాడమని అరిచిన మనకి ఆ అడవిలో మనుషులున్నారన్న సంగతి అప్పుడు కూడా కాస్త పక్కనే ఉండిపోయింది.

ఇప్పుడు నడుస్తున్నది తరలింపు. పులికి మనిషి అలికిడి లేని చోటు కావాలని కోర్ ఏరియాలోని ఊళ్ళని బయటికి తేవాలన్నది విధానం. సార్లపల్లి, కుడిచింతలబైలు, కొల్లంపెంట, తాటిగుండాల ముందుగా వినిపించే పేర్లు. చట్టం ప్రకారం ఇది బలవంతంగా చేసేది కాదు. 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం, అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం రెండూ గ్రామసభ సమ్మతి ఉండాలంటాయి, ముందు హక్కులు తేల్చాలంటాయి. ప్యాకేజీ రెండు రకాలు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు తీసుకుని సొంతంగా వెళ్ళిపోవడం, లేదా ప్రభుత్వమే భూమీ ఇల్లూ చూపించడం.

దీన్ని మంచీ చెడ్డా అని రెండు ముక్కల్లో తేల్చేయడం హైదరాబాద్‌లో కూర్చుని సులభం. పురుటి నొప్పులొచ్చిన మనిషిని మట్టిరోడ్డు మీద దింపుకురావాల్సిన పెంటవాళ్ళకి బయటికి పోవాలని ఉండదా? కొందరికి ఉంది. పిల్లల చదువు అనేవాళ్ళున్నారు. పులుల వైపు లెక్క కూడా తీసిపారేసేది కాదు. జాతీయ గణన ప్రకారం తెలంగాణలో పులులు 2018లో 26, 2022లో 21. కానీ అలంపురం కట్ట మీద నిలబడి ఆలోచిస్తే 15 లక్షలన్న అంకె నాకు పాత అంకెలాగే కనిపిస్తుంది. చరిత్రకారులు తరలింపుల్ని ఎకరాల్లో, కుటుంబాల్లో లెక్కేస్తారు. ఎవరి కొండ ఎక్కడిదాకా, ఏ వాగు పక్కన ఏ గడ్డ దొరుకుతుంది, తాడు ఎవరు పట్టుకుంటారు అన్నది ఆ లెక్కలో పడే గడి లేదు. గుడి విషయంలో ఆ గడి ఉంది. రాయికి నంబరుంది.

ఇందులో ఇంకో మెలిక. ఈ రోజు పులి అడుగుజాడ చూసి చెప్పేది, కెమెరా ట్రాప్ కట్టేది, వేసవిలో మంటలు ఆర్పేది, బేస్ క్యాంపుల్లో రాత్రిళ్ళు కాపలా ఉండేది చాలావరకు చెంచు వాచర్లే. నవాబుకి పులిని చూపించినవాళ్ళ మనవళ్ళు ఇప్పుడు పులిని కాపాడుతున్నారు. అడవిలోంచి చెంచులు పోవాలన్న విధానం అడవిలో చెంచులు లేకపోతే నడవదు.

పోయిన చలికాలం ఫరహాబాద్ సఫారీకి వెళ్ళినప్పుడు మా జీపులో గైడుగా వచ్చిన అబ్బాయి చెంచు. పాతికేళ్ళుంటాయేమో. తునికి, ఇప్ప, మద్ది, ఒక్కో చెట్టూ పేరుపేరునా చూపించాడు. దుప్పులు కనిపించాయి, కొండముచ్చులు కనిపించాయి, పులి కనిపించలేదు. వ్యూ పాయింట్ దగ్గర దిగాం. కింద అచ్చంపేట వైపు చెరువులు పలకల్లా మెరుస్తున్నాయి. లండన్‌లోని ఒక విశ్వవిద్యాలయం హైమండార్ఫ్ ఫొటోలు ఆన్‌లైన్లో పెట్టింది. అందులో కొన్ని ఫోన్లో దింపుకుని పోయాను. 1940 నాటి పెంట ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. గుడిసె చుట్టిన పద్ధతి చూసి “గిట్లనే అల్లుతుండె మా తాత,” అన్నాడు. ఫొటో తన ఫోన్‌కి పంపమన్నాడు. అక్కడ సిగ్నల్ లేదు, మన్ననూరు పోయినంక పంపుతానన్నాను.

మీ ఊరు కూడా లిస్టులో ఉందా అని అడిగాను.

“పేర్లు రాసుకపోయిన్రు సార్. మా బావమరిది పోదామంటుండు. మా నాయినేమో రానంటుండు.”

నువ్వేమంటున్నావని అడిగితే, ఎండెక్కుతుంది, ఇంకో ట్రిప్పు బండి వస్తది అని లేచి జీపు వైపు నడిచాడు.